పిలవని చుట్టాలు

పగలంతా ఉక్కపోసి, పొద్దుగూకే వేళకు నాలుగు చినుకులు పడ్డాయి. మృగశిర కార్తె. మట్టి వాసన ఇంకా ముక్కుకు తగులుతూనే ఉంది. అంతలోనే వాకిట్లో బల్బు చుట్టూ సందడి. ముందు ఒకటి, తర్వాత పది, ఆ తర్వాత లెక్కే లేదు. ఉసిళ్లు! అన్నం కంచంలో, మంచినీళ్ల గ్లాసులో, చంటిపిల్ల జుట్టులో... ఎక్కడ చూసినా అవే.

దుమ్ముగూడెం వైపు గోదావరి ఒడ్డున ఉండే మా అమ్మమ్మ ఊళ్లో అదో పండగ. ఇంట్లో దీపాలన్నీ ఆర్పేసేవాళ్లు. వాకిట్లో వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో ఇటుక పెట్టి, దానిమీద కందిలి ఉంచేవాళ్లు. అరగంటలో పళ్లెం నిండిపోయేది. రెక్కలు చెరిగి, మూకుట్లో వేయించి, కాస్త ఉప్పూ కారం చల్లుకుని తినేవాళ్లూ ఉన్నారు. మొహం చిట్లించకండి. ఒడిశాలోని సిమిలిపాల్ కొండల్లో ఎర్రచీమలతో నూరే పచ్చడికి 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. మన సరిహద్దు దాటితే వచ్చే బస్తర్ సంతల్లోనూ అలాంటి పచ్చడిని ఆకుల్లో పెట్టి అమ్ముతారు.

దీపాలు ఆర్పేశాక అమ్మమ్మ మరో పని చేసేది. పాత చీరను చుట్టగా చుట్టి తలుపు కింద సందులో కూరేది. 'ఉసిళ్లు పోతే పోయినయ్ బిడ్డా, ఎనకొచ్చేటోళ్లను ఆపాల గద' అనేది. ఆ వెనక వచ్చేవాళ్లు ఎవరో అప్పట్లో నాకు అర్థం కాలేదు.

ఖమ్మం దాటి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం వెళ్లే దారిలో ఎక్కడ ఆగినా ఇల్లు ఒక పక్క, అడవి ఒక పక్క. కిన్నెరసాని అభయారణ్యం, టేకు, వెదురు, తునికి, ఇప్ప చెట్లు, వాటి మధ్య వాగులు, ఊళ్లు. 2014లో కొన్ని మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి. 2016 అక్టోబరులో అడవి వైపు భాగం చాలావరకు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అయింది. గీతలు ఎన్నిసార్లు మారినా తేళ్లకూ జెర్రులకూ ఆ సంగతి తెలియదు. బదిలీ మీదో, ఉద్యోగం వచ్చో కొత్తగా ఇటు వచ్చే కుటుంబాలను మొదటి వానాకాలం హడలగొట్టేది అవే.

దీపం... కప్ప... పాము

అమ్మమ్మ చెప్పిన 'ఎనకొచ్చేటోళ్ల' లెక్క నిజానికి చాలా తేలిక. దీపానికి ఉసిళ్లు వస్తాయి. ఉసిళ్ల కోసం బల్లులు, కప్పలు వస్తాయి. వాటి కోసం పాము వస్తుంది. ఇది ఒక దారి. రెండో దారి ధాన్యానిది. గుమ్మి పక్కన గింజలు రాలితే ఎలుకలు వస్తాయి, ఎలుకల వెంట మళ్లీ పామే. అంటే పాము మనల్ని వెతుక్కుంటూ రాదు. దాని భోజనాన్ని మనమే ఇంట్లో పెట్టి, అది వచ్చిందని గోల పెడతాం.

కాబట్టి పాముకు మందు వెతకడం కంటే ఈ గొలుసును మొదట్లోనే తెంపడం మేలు. తెల్లటి వెలుగుకు వచ్చినన్ని పురుగులు పచ్చటి వెలుగుకు రావు. వాకిలి బల్బును గుమ్మం నెత్తిన కాకుండా నాలుగడుగుల దూరంలో పెడితే పురుగులు అక్కడే ఆగుతాయి. రాత్రి అంట్లు, కుక్కకు పెట్టిన అన్నం, కోళ్ల గంపలో రాలిన నూకలు అలాగే వదిలేయకూడదు. కట్టెల మోపు, పిడకలు, విరిగిన పెంకులు గోడకు ఆనించి పేర్చడం మన అలవాటు. వాటిని ఇంటికి దూరంగా జరిపితే సగం బెడద పోతుంది. తలుపు కింద వేలు దూరేంత సందు ఉంటే చాలు, పిల్లపాము లోపలికి వచ్చేస్తుంది. స్నానాల గది తూముకు జాలీ వేయించడానికి అయ్యే ఖర్చు ఎంతని?

పాములు రాకుండా ఇంటి చుట్టూ వెల్లుల్లి, ఇంగువ నీళ్లు చల్లేవాళ్లున్నారు. ఈశ్వరి తీగ పెంచేవాళ్లున్నారు. కార్బాలిక్ యాసిడ్ పోసేవాళ్లూ ఉన్నారు. వీటితో పాములు ఆగుతాయని రుజువు లేదు. పైగా ఆ యాసిడ్ చర్మాన్ని కాల్చేస్తుంది, పిల్లలున్న ఇంట్లో అదే పెద్ద ప్రమాదం.

వీళ్లను వదిలేయండి

కనపడిన ప్రతిదాన్నీ చీపురు తిరగేసి కొట్టడం మొదలుపెడితే నష్టపోయేది మనమే. బల్లిని చూడండి. మీద పడితే ఏ ఫలమో చూసుకోవడానికి పంచాంగంలో ఏకంగా ఒక పట్టికే ఉంది గానీ, రాత్రంతా గోడమీద అది చేసే కాపలాకు ఎవరూ ఫలం చెప్పలేదు. దోమలు, ఉసిళ్లు, చిన్న బొద్దింకలు దాని భోజనం. మూలన గూడు కట్టిన సాలీడుదీ అదే ఉద్యోగం.

తొలకరికి ఎర్రమట్టిలో మఖమల్ గుడ్డ ముక్కల్లా పాకే ఆరుద్ర పురుగులు ఎవరికీ హాని చెయ్యవు. ముట్టుకుంటే ముడుచుకుపోయే రోకలిబండ కూడా అంతే, కుళ్లిన ఆకులు తిని బతుకుతుంది. దాన్ని చూసి జెర్రి అనుకుని చంపేస్తారు. తేడా తెలుసుకోవడం కష్టం కాదు. రోకలిబండ గుండ్రంగా, నెమ్మదిగా నడుస్తుంది. జెర్రి చదునుగా ఉండి సర్రున పరుగెడుతుంది, కుడుతుంది. నొప్పి, వాపు ఉంటాయి. మామూలుగా మాత్రం ప్రాణం మీదకు తెచ్చేంత కాదు.

జెర్రిపోతు సంగతి మరీ అన్యాయం. పొడవుగా, లావుగా ఉండటమే దాని పాపం. విషం లేదు. ఊళ్లో ఎలుకల్ని తినేది అదే. అయినా కనపడగానే కర్రలు లేస్తాయి. దాన్ని చంపిన ఇంట్లో ఎలుకలు పెరిగి, ఆ ఎలుకల కోసం నాగుపాము వస్తే ఎవరిని అనాలి?

నొప్పి లేని కాటు

ఇక నిజంగా భయపడాల్సిన వాటి దగ్గరకు వద్దాం. మా మేనమామ ఒకాయన ఎండలకు తాళలేక వసారాలో చాప వేసుకుని పడుకున్నాడు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటూ లేచాడు. మాట ముద్దగా వస్తోంది, కనురెప్పలు వాలిపోతున్నాయి. రాత్రి ఎక్కడో సారా తాగి వచ్చాడనుకుని అమ్మమ్మ తిట్టిపోసింది, మజ్జిగ ఇచ్చింది. అది గొంతు దిగలేదు. అప్పుడు ఎదురింటి పెద్దాయన వచ్చి కళ్లు చూసి, చాప దులిపి, 'కట్లపాము' అన్నాడు. ఒంటిమీద ఎక్కడా వాపు లేదు, రక్తం లేదు. ట్రాక్టరులో వేసుకుని భద్రాచలం పరుగెత్తారు. కొన్ని రోజులు ఊపిరి మిషను మీద ఉండి బతికి బయటపడ్డాడు. సారా అనుకుని ఇంకో గంట పడుకోబెట్టి ఉంటే బతికేవాడు కాదు.

కట్లపాముతో చిక్కు ఇదే. నల్లటి ఒంటిమీద సన్నటి తెల్లగీతలు. పగలు కనపడదు. రాత్రిపూట బల్లులు, ఎలుకలు, చిన్న పాముల కోసం ఇళ్లల్లోకి వస్తుంది. నేలమీద పడుకున్న మనిషి నిద్రలో పక్కకు దొర్లితే కరుస్తుంది. దోమ కుట్టినంత నొప్పి కూడా ఉండకపోవచ్చు. దాని విషం నరాలనూ కండరాలనూ పట్టేస్తుంది. ముందు రెప్పలు, తర్వాత గొంతు, చివరకు ఊపిరి. కాబట్టి నేలమీద పడుకున్నవాళ్లు తెల్లారేసరికి కడుపునొప్పితో లేచి, రెప్పలు వాలుతుంటే గాట్ల కోసం వెతుకుతూ కూర్చోవద్దు. వెంటనే ఆసుపత్రికి బయల్దేరాలి.

2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుకు దాదాపు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. అంటే ఏడాదికి సగటున 58 వేల మంది. వీళ్లలో సగం మంది జూన్, సెప్టెంబరు నెలల మధ్య పోయినవాళ్లే. చావులు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో తెలంగాణతో కలిపి చూసిన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఈ చావుల్ని 2030 నాటికి సగానికి తగ్గించాలని కేంద్ర ప్రభుత్వం 2024లో ఒక కార్యాచరణ ప్రణాళిక కూడా ప్రకటించింది.

మరి మంత్రంతో బతికినవాళ్ల మాటేమిటని అడుగుతారు. ఎక్కువ పాములకు విషమే లేదు. విషమున్నవి కూడా ఒక్కోసారి విషం ఎక్కించకుండానే కరుస్తాయి. అలాంటి కాటుకు మంత్రం వేసినా, నల్లరాయి పెట్టినా, ఏమీ చెయ్యకపోయినా మనిషి బతుకుతాడు. పేరు మాత్రం మంత్రానికి వస్తుంది. నిజంగా విషం ఎక్కినవాడి విషయంలో ఆ మంత్రం తినేసే గంటే ప్రాణం.

కరిచిన చోట కోయకూడదు, నోటితో పీల్చకూడదు, తాడుతో బిగించి కట్టకూడదు. మనిషిని నడిపించకుండా, కాలో చెయ్యో కదలకుండా బద్ద కట్టి 108కి ఫోన్ చేయాలి. పామును పట్టుకుని తీసుకెళ్లాల్సిన పని లేదు. ఆ ప్రయత్నంలో రెండో మనిషి కాటు తిన్న సందర్భాలున్నాయి. మన దగ్గర ఇచ్చే విరుగుడు సూది నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ పనిచేస్తుంది. దాని తయారీకి కావాల్సిన విషంలో చాలాభాగం చెన్నై దగ్గర వడనెమ్మేలిలో 1978లో మొదలైన ఇరుళ గిరిజనుల సహకార సంఘం నుంచి వస్తుంది. ఒకప్పుడు చర్మాల కోసం పాముల్ని పట్టినవాళ్లే ఇప్పుడు విషం తీసి, పామును తిరిగి అడవిలో వదిలేస్తున్నారు.

తేలు కుట్టిన దొంగలు కావద్దు

తేళ్లలో పెద్దగా, నల్లగా ఉండే మండ్రగబ్బను చూసి గుండెలు జారిపోతాయి. దాని కన్నా ప్రమాదం చిన్నగా, ఎర్రగా ఉండే తేలు. పెద్దవాళ్లకు నొప్పితో పోవచ్చు గానీ పిల్లలకు అలా కాదు. విపరీతంగా చెమటలు, వాంతులు, చేతులు కాళ్లు చల్లబడటం కనిపిస్తే విషం గుండె మీద పనిచేస్తోందన్నమాట. మహారాష్ట్రలోని మహాడ్ అనే చిన్న ఊళ్లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ ఈ ఎర్రతేలు కాటుకు పిల్లలు చనిపోతుంటే చూడలేక ఏళ్ల తరబడి రోగుల పక్కనే కూర్చుని గమనించారు. రక్తపోటుకు వాడే ప్రజోసిన్ అనే మామూలు మాత్రతో ప్రాణాలు నిలుస్తాయని 1980ల్లో చూపించారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మాత్ర ఉంది కదా అని మనమే మింగించకూడదు, డాక్టరు చూసి ఇవ్వాల్సిందే.

అమ్మమ్మ ఇంట్లో చెప్పులు, బూట్లు దులపకుండా వేసుకుంటే వీపు మీద ఒక్కటి పడేది. ఆరేసిన బట్టలు కూడా విదిలించే కట్టుకోవాలి. తేళ్లు నల్లకాంతి టార్చి వేస్తే ఆకుపచ్చగా మెరుస్తాయి. సెలవులకు వచ్చిన మనవళ్లతో రాత్రిపూట గోడ పగుళ్లు వెతికించడానికి ఇంతకన్నా మంచి ఆట లేదు. పెద్దవాళ్లు పక్కనే ఉండాలి సుమా!

అలికిన గోడ

ఇంత చెప్పుకున్నా ఈ అడవి అంచున ఎక్కువమందిని మంచాన పడేసింది పామూ కాదు, తేలూ కాదు. దోమ. మలేరియాను మోసేది అదేనని లోకానికి తెలిసింది కూడా మన గడ్డమీదే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో ఆ క్రిమిని చూశాడు. హుస్సేన్ ఖాన్ అనే రోగి తనను కుట్టించుకున్న దోమకు ఒక అణా చొప్పున తీసుకున్నాడట. ఆ చల్లటి లెక్క చదివినప్పుడల్లా నాకు రాస్ కన్నా హుస్సేన్ ఖానే గుర్తుంటాడు.

1965 నాటికి దేశంలో మలేరియా కేసులు లక్షకు దిగాయి. ఇక పోయినట్టే అనుకున్నారు. 1976లో 64 లక్షలకు ఎగబాకాయి. భద్రాచలం ఏజెన్సీలో తగ్గినప్పుడల్లా మళ్లీ పెరిగిన సందర్భాలు ఉన్నాయి. ఇప్పుడు ముందుకంటే బాగా తగ్గింది. కానీ కొండవాగుల్లో పుట్టే అనాఫిలిస్ దోమ ఎక్కడికీ పోలేదు. అది మోసే ఫాల్సిపారం రకం జ్వరం మెదడుకు ఎక్కితే రోజుల్లో ప్రాణం తీస్తుంది.

ఇక్కడ ఒక చిన్న విషయం చెప్పాలి. ఏటా మలేరియా సిబ్బంది ఊళ్లకు వచ్చి గోడల మీద మందు కొడతారు. రక్తం తాగి బరువెక్కిన దోమ గోడమీద వాలుతుంది, మందు తగిలి చస్తుంది. అదీ పద్ధతి. కానీ మట్టి ఇళ్లున్న కోయ పల్లెల్లో పండక్కో, పెళ్లికో ఆడవాళ్లు గోడలు శుభ్రంగా అలుకుతారు. మందంతా మట్టి కిందకు పోతుంది. తప్పు వాళ్లది అనడం అన్యాయం. మందు మరకలతో, వాసనతో ఉన్న గోడను ఏ ఇల్లాలు మాత్రం అలాగే ఉంచుతుంది? అలికే పనులయ్యాక మందు కొట్టేలా రోజులు చూసుకుంటే ఇద్దరి కష్టమూ దక్కుతుంది.

గోడకన్నా నమ్మకమైనది దోమతెర. మందు పట్టించిన తెరలను ప్రభుత్వం ఏజెన్సీ గ్రామాల్లో ఉచితంగా పంచుతోంది. వాటిని సబ్బుతో బాది ఉతికి ఎండలో ఆరేస్తే మందు పోతుంది. మెల్లగా పిండి నీడన ఆరేయాలి, అదీ ఏడాదిలో నాలుగైదు సార్లకు మించకుండా. ఈ తెరతో చేపలు పట్టేవాళ్లు, కూరగాయల పాదులకు చుట్టేవాళ్లు కూడా కనపడతారు. ఉక్కపోతకు తెరలో పడుకోలేకపోతున్నామనేది ఎక్కువమంది చెప్పే మాట. అది నిజమే, మే నెలలో భద్రాచలంలో తెరలో పడుకోవడం చిన్న శిక్షేమీ కాదు.

అయినా ఆ శిక్ష పడాల్సిందే అనడానికి ఇంకో కారణం ఉంది. నేపాల్ ఆగ్నేయ భాగంలో పాముకాట్ల మీద జరిపిన అధ్యయనం ఒకటి 2007లో వెలువడింది. దోమతెర కట్టుకుని పడుకున్నవాళ్లను రాత్రిపూట పాము కరవడం చాలా తక్కువని అందులో తేలింది. అంచులు పరుపు కిందకు మడిచిన తెరలోకి దోమ దూరదు, తేలు ఎక్కదు, కట్లపామూ రాదు. ఒక్క మంచం, ఒక్క తెర, తలగడ పక్కన ఒక్క టార్చి. మా మేనమామ ఆసుపత్రి నుంచి వచ్చాక మొదట కొన్నది నులక మంచమే.

పగలు కుట్టే దోమది వేరే కథ. డెంగీ మోసేది అదే. దానికి వాగులక్కర్లేదు, గోళెంలో నీళ్లు, కూలరు అడుగు, కొబ్బరిచిప్ప చాలు. గుడ్డు నుంచి దోమ అవడానికి వారం, పది రోజులు పడుతుంది. అందుకే వారానికోసారి, శుక్రవారం డ్రై డే అన్నారు. నీళ్లు పారబోస్తే సరిపోదు. గోడకు అంటిన గుడ్లు నెలల తరబడి ఎండినా బతికే ఉంటాయి, తోమి కడగాలి. వేపాకు, వావిలాకు పొగ కాసేపు ఉపశమనమే తప్ప రాత్రంతా కాయదు. జ్వరం వస్తే మాత్రం అదే రోజు రక్తపరీక్ష. ఆశా కార్యకర్త దగ్గర కిట్ ఉంటుంది, పావుగంటలో తెలుస్తుంది.

వంటింట్లో

మిగతావి చికాకులే గానీ ప్రమాదాలు కావు. చీమల వరుసను చంపడం కన్నా, అవి నడిచిన గీతను సబ్బునీళ్లతో తుడిస్తే వాసన పోయి దారి తప్పుతాయి. బియ్యంలో ఎండిన వేపాకు, పప్పుకు కాస్త ఆముదం పట్టించడం, పుస్తకాల మధ్య వసకొమ్ము... ఇవన్నీ ఇప్పటికీ పనిచేస్తాయి. బొద్దింకలకు గోధుమపిండి, చక్కెర, బోరిక్ పౌడరు కలిపి చేసిన ఉండలు మంచి మందు. పిల్లలకు అందనిచోట పెట్టాలి. నులక మంచంలో నల్లులకు మరిగే నీళ్లు, మండే ఎండ. గోడమీద మట్టిగీత కనపడితే చెద మొదలైందని అర్థం. గీత చెరిపితే సరిపోదు, ఎక్కడ తేమ ఊరుతోందో చూసి దాన్ని ఆపాలి.

ఒక్కటి మాత్రం వద్దు. పత్తికో, మిరపకో కొట్టే మందు మిగిలింది కదా అని ఇంట్లో చల్లకండి. ఖమ్మం మిరప రైతుల ఇళ్లల్లో ఆ డబ్బాలు ఎప్పుడూ ఉంటాయి. ఒకప్పుడు చీమలకూ నల్లులకూ ధారాళంగా చల్లిన బీహెచ్‌సీ పొడిని 1997లో దేశంలో నిషేధించారు. పురుగును చంపేది మనిషిని వదులుతుందని ఎలా అనుకున్నామో!

గోదారి వచ్చినప్పుడు

వీటన్నిటికీ ఒకేసారి పరీక్ష పెట్టేది గోదావరి. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో 75.6 అడుగులు వచ్చింది. 2022 జులైలో 71.3. పుట్టల్లోకి నీళ్లు పోతే పాములు, తేళ్లు, జెర్రులు, ఎలుకలు ఎత్తుగా ఉన్న చోటుకే వస్తాయి. ఆ ఎత్తు మన అటక, మన కప్పు, మన సామాన్ల మూట.

వరద తీసి ఇంటికి తిరిగి వచ్చేవాళ్లు తొందరపడి చేతులు పెట్టకూడదు. ముందు కరెంటు మెయిన్ ఆపి ఉందో లేదో చూసి, కాళ్లకు బూట్లు వేసుకుని, పొడవాటి కర్రతో ప్రతి మూటనూ కదిలించి, తలుపులు కిటికీలు తెరిచి కాసేపు బయటే నిలబడాలి. లోపలున్నవాటికీ వెళ్లిపోవడానికి దారి కావాలి కదా. బురద ఎత్తడానికి చేతులు కాదు, పార వాడాలి. పిల్లలను మాత్రం ఇల్లు ఆరేదాకా నేలమీద పడుకోబెట్టవద్దు.

అమ్మమ్మ పెంకుటిల్లు ఇప్పుడు లేదు. అక్కడ మామయ్య కొడుకు డాబా కట్టాడు, వాకిట్లో తెల్లటి లైటు పెట్టాడు. తొలకరికి వెళ్తే ఎప్పటిలాగే ఉసిళ్లు. నేను లైటు ఆర్పబోతుంటే లోపలి నుంచి అత్తయ్య కేకేసింది. 'లైటు సంగతి తర్వాత అయ్యా, ముందు ఆ తలుపు కింద గుడ్డ పెట్టు.'